కొత్తిమీరకు ఎండ

మొన్న దుకాణానికి వచ్చిన ఒకాయన ఎల్ఈడీ బల్బు చేతికి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. నాకు నవ్వాగలేదు. లోపల తీగ ఉంటే కదా, తెగిందో లేదో చప్పుడు చెప్పడానికి! "అన్నా, ఊపి చూసే బల్బుల కాలం పోయింది" అన్నాను. ఆయన నన్నూ బల్బునూ మార్చి మార్చి చూసి, నా మాట మీద నమ్మకం లేక ఇంకోసారి ఊపాడు. ఆ చూపుతో గార్డు కాకా గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కానీ అనుమానానికి ఒక ముఖం గీయమని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఆయన ముఖమే గీస్తాను. ఒక కన్ను కాస్త చిన్నది చేసి, పెదవి ఒక మూలకు లాగి, ఎదుటివాడు మాట పూర్తి చేసేలోపే తల అడ్డంగా ఊపడానికి సిద్ధంగా ఉండే ముఖం అది.

నాందేడ్‌లో, వజీరాబాద్ బజారులో మాది చిన్న ఎలక్ట్రికల్ దుకాణం. డిగ్రీ అయ్యాక, పెళ్ళయ్యేదాకా ఊరికే ఎందుకని నాన్న నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. పెళ్ళయ్యాక కూడా నేను అక్కడి నుంచి లేవలేదు, అది వేరే కథ. కాకా రైల్వేలో గార్డు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడిన మనిషి. మాదీ ఆ వైపే కావడంతో కాకా అని పిలిచేదాన్ని. డ్యూటీ దిగి, తెల్ల యూనిఫాం మీద మసి మరకలతోనే దుకాణం మెట్లెక్కేవాడు.

ఆయన బల్బు కొంటుంటే పెళ్ళిచూపులు చూసినట్టుండేది. ముందు డబ్బాను నాలుగు వైపులా చూడాలి, తర్వాత చెవి దగ్గర ఊపాలి, తర్వాత మా హోల్డర్లో పెట్టి వెలిగించాలి. ఆ హోల్డర్ మీద కూడా అనుమానమే.

"ఏంది బిడ్డా, ఇది అసలుదేనా?"

"అసలుదే కాకా. నీ ముంగటనే కదా డబ్బా విప్పిన."

"డబ్బా అసలుదే కావచ్చు. లోపటిది?"

నాన్న లోపల నుంచి వింటూ గొణుక్కునేవాడు. "గీయనకు దేవుడు ప్రత్యక్షమైనా, ముందు రేషన్ కార్డు చూపెట్టమంటడు."

చాయ్ తెప్పిస్తే సాసర్లో పోసుకుని, పక్కకు తిరిగి వాసన చూసి, అప్పుడు తాగేవాడు. సైకిలుకు తాళం వేసి రెండు మెట్లెక్కి, మళ్ళీ దిగి వెళ్ళి తాళం లాగి చూసేవాడు. అడిగితే ఒకటే మాట. "ఒక్కని కన్ను నమ్మి బండి కదల్దు బిడ్డా. ముంగట డ్రైవరు సూడాలె, ఎనక గార్డు సూడాలె. ఇద్దరూ ఆల్ రైట్ అంటేనే కదులుడు." రైలు సంగతి నిజమే. కానీ ఆ పద్ధతిని ఆయన టమాటాల దగ్గర కూడా పాటించేవాడు. ఎవరైనా అపరిచితుణ్ణి ఆపి, ఇది పుచ్చిందా లేదా అని రెండో అభిప్రాయం అడిగేవాడు.

ఒక వానాకాలం నుంచి ఆయన కొనే బల్బుల తీరు మారింది. అప్పటిదాకా ఇంట్లోకి నలభై వాట్లవి కొనే మనిషి వంద వాట్లది అడిగాడు. తర్వాత ఎర్రది అడిగాడు. తర్వాత రెండూ వాపసు తెచ్చి అరవైది తీసుకున్నాడు. ప్రశ్నలు కూడా వింతగా ఉండేవి.

"దీని కింద జానెడు దూరంల పండుకుంటే మాడుతదా?"

"ఎవలు పండుకుంటరు కాకా?"

"ఎవలో పండుకుంటరని నేనన్ననా? పండుకుంటే అని అడుగుతున్న."

ఒక్కడే ఉంటున్న ఇల్లు. భార్య పోయి కొన్నేళ్ళయింది. ఒక్కతే కూతురు, ఆ ఎండాకాలమే తాను మెచ్చిన మరాఠీ కుర్రవాణ్ణి రిజిస్టర్ పెళ్ళి చేసుకుని పర్భణి వెళ్ళిపోయింది. మరి ఆ బల్బు కింద పడుకునేదెవరు? పొదిగే కోళ్ళేమో అన్నాడు నాన్న. కోళ్ళుంటే వాసన వస్తుంది కదా అన్నాను. గంజాయి మొక్కలేమో అని నాకు లోపల ఒక అనుమానం ఉండేది, బయటికి అనలేదు.

ఆయన ఎదురింటి మరాఠీ ఆవిడ, గల్లీలో అందరికీ వహిని, అంటే వదిన, ఫ్యూజు తీగ కోసం వచ్చినప్పుడు మా అనుమానాలకు నెయ్యి పోసి వెళ్ళింది. కాకా కిటికీ అద్దాలు బిగించేసి, కింది అద్దాలకు పేపర్లు అంటించాడట. పొద్దంతా లోపల లైటు వెలుగుతూనే ఉంటుందట. తలుపు మూసుకుని "కొత్తిమీరా, దిగు. కొత్తిమీరా, తిను" అని ఎవరితోనో మాట్లాడతాడట. "కాయ్ చాల్లంయ్ కళత్ నాహీ" అని, ఏం జరుగుతోందో తెలియడం లేదని, గొంతు తగ్గించి భానామతి, అంటే చేతబడి, అంది. కూతురి సంసారం చెడగొట్టడానికి ఏదో చేస్తున్నాడని ఆమె నమ్మకం. ఆమె వెళ్ళాక నేను నవ్వాను కానీ, మర్నాడు కాకా వచ్చినప్పుడు ఆయన చేతులకు కుంకుమ అంటిందేమో అని చూసిన మాట నిజం.

ఆ రోజే ఆయన గల్లా మీదికి వంగి మెల్లగా అడిగాడు.

"నీకు హోల్డర్ బిగించుడు వస్తదా?"

"వస్తది కాకా. బాపు నేర్పిండు."

"నోరు మూసుకునుడు?"

"అది గూడ వస్తది."

"రెండోది నమ్మ. అయినా రా. ఎలక్ట్రీషియన్లను అస్సలే నమ్మ."

నాన్న పంపించాడు. పంపిస్తూ, "గంటల రాకుంటే నేనే వస్త" అని కాకాకు వినిపించేలా అన్నాడు. కాకా దానికి నొచ్చుకోలేదు, పైగా మెచ్చుకున్నట్టు తలూపాడు. ఇంట్లోకి వెళ్ళాక తలుపు మూయబోయి, ఆడపిల్ల లోపలుందని గుర్తొచ్చి ఓరగా తెరిచి ఉంచాడు. ఆ ఓరకు తానే అడ్డంగా నిలబడ్డాడు.

లోపలి గదిలో, వీధి వైపు మూసిన కిటికీ పక్కన, వెనకటి రోజుల్లో పాలూ కూరలూ పెట్టుకునే, తీగల వలతో చేసిన జాలీ అల్మార ఒకటి ఉంది. అందులో జామకొమ్మ. కొమ్మ మీద మూరెడుకు పైగా పొడవున్న పచ్చటి జీవం ఒకటి. వీపు మీద దువ్వెన పళ్ళలాంటి ముళ్ళు, గొంతు కింద వేలాడే తోలు. అది ఒక కన్ను నా వైపు తిప్పి చూసింది. ఆ చూపు అచ్చం కాకా చూపే.

"ఉడుము!" అని అరిచాను.

"అగో! నువ్వు గూడ గదే మాట!" కాకా నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "ఉడుము కాదు. ఇగ్వానా అట, దూరదేశపుది. ఆకులే తింటది. గల్లీల ఎవలన్న సూసి ఉడుమంటే సాలు, సగం మంది నూనెకస్తరు, సగం మంది కూరకస్తరు, మిగిలినోళ్ళు ఫారెస్టోళ్ళను తోల్కస్తరు. అందుకే కిటికీ మూసిన."

కూతురు హైదరాబాద్‌లో జువాలజీ చదివేటప్పుడు చేపల దుకాణంలో చూసి కొనుక్కుందట. పచ్చగా, కట్ట కట్టినట్టు ముడుచుకుని పడుకుంటుందని కొత్తిమీర అని పేరు పెట్టుకుంది. పర్భణిలో ఇంటి ఓనరు బల్లులు కుదరవన్నాడు. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఆమె అన్న మాట కాకా నాకు గోడ వైపు తిరిగి చెప్పాడు. "'నా మీద నీకు నమ్మకం లేదు బాపూ. దీన్నన్న పైలంగ చూసుకో' అన్నది."

బల్బు అల్మార లోపలే వేలాడుతోంది. కొత్తిమీర వీపు మీద అణా అంత నల్లటి మచ్చ ఉంది. కాలిన మచ్చ.

"కాకా, ఇది బల్బుకు ఆనుకుంటున్నది. కాలింది."

"కాలుడా? రోజు చెయ్యి పెట్టి సూస్తనే ఉన్న. సల్లగనే ఉంటది."

అని, వెలుగుతున్న బల్బు కింద అరచెయ్యి పెట్టాడు. పెట్టి అలాగే ఉంచాడు. నేనూ నా చెయ్యి అదే ఎత్తులో పెట్టి, పట్టుమని పది అంకెలు లెక్కపెట్టకుండానే లాక్కున్నాను. అప్పుడు ఆయన అరచెయ్యి చూశాను. ఎన్నో ఏళ్ళు బ్రేకు చక్రం తిప్పీ, వేడెక్కిన సిగ్నల్ లాంతర్లు పట్టుకునీ ఆ చర్మం పాత చెప్పు అడుగులా గట్టిపడిపోయింది. దానికి వేడి తెలియడం ఎప్పుడో మానేసింది.

"కాకా, నీ చెయ్యి సచ్చింది. దానికి వేడి తెలుస్తలేదు" అన్నాను.

ఆయన చెయ్యి తీసి, వేరేవాడి చెయ్యి చూసినట్టు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. లోకంలో అందరినీ పక్కనపెట్టి ఆయన నమ్మింది దాన్నొక్కదాన్నే. నాకు జాలేసింది.

బల్బును అల్మార బయటికి తీసి, జాలీ పైన, కొమ్మకు మూరెడు ఎత్తున బిగించాను. ఒక చివరకే వేడి తగలాలి, రెండో చివర చల్లగా ఉండాలి, దానికి ఎక్కడ కావాలంటే అక్కడికి పోతుంది అన్నాను. నాకేదో తెలిసి కాదు, మనకైతే అలాగే కావాలి కదా అని. స్విచ్ వేసే ముందు కాకా నన్ను అల్మారకు అవతలి వైపు నిలబెట్టాడు.

"సూసినవా? ఆల్ రైటా?"

"ఆల్ రైట్ కాకా."

"నా దిక్కు గూడ ఆల్ రైట్" అని అప్పుడు స్విచ్ వేశాడు. ఆ రోజు నుంచి బల్బు వేడి చూడటానికి అరచెయ్యి మానేసి చెంప పెట్టడం మొదలుపెట్టాడు. మా దుకాణంలో కూడా, వెలుగుతున్న బల్బు కింద వంగి చెంప దగ్గర పెట్టి కళ్ళు మూసుకుని నిలబడేవాడు. మిగతా గిరాకీలు ఆయన చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు.

చలికాలంలో ఇంకో ప్రశ్నతో వచ్చాడు. చేపలమ్మేవాడెవడో ఈ జీవానికి ఊదారంగు కిరణాలు కావాలన్నాడట. మా దగ్గర మిఠాయి దుకాణాల వాళ్ళు ఈగల కోసం పెట్టుకునే ఊదా ట్యూబు ఉంది. నేను ఉత్సాహంగా తీసి వెలిగించి చూపించాను. కాకా దాన్ని ఒక కన్ను చిన్నది చేసి చూశాడు.

"మిఠాయి కాడ ఇది ఏం జేస్తది?"

"ఈగల్ని పిలిచి చంపుతది."

"సంపేటిది దీన్ని బతికిస్తదా? తీయి లోపటికి."

అనుమానం ఒక్కోసారి నిజమే అవుతుంది. ఆ ట్యూబు కొత్తిమీరకు ఎందుకూ పనికొచ్చేది కాదని నాకు తర్వాత తెలిసింది. కానీ అనుమానంతో వచ్చే చిక్కేమిటంటే, ఒకసారి అది నిజమైతే ఇక మనిషి దాన్ని వదలడు.

ఉగాది దగ్గర పడేసరికి కొత్తిమీరకు జబ్బు చేసింది. వెనక కాళ్ళు ఈడ్చేది. కొమ్మ పట్టుకోబోతే వేళ్ళు వణికేవి. దవడ మెత్తబడి వాచింది, ఆకు నమలలేకపోయేది. కాకా సెలవు పెట్టాడు. పశువుల డాక్టరు దగ్గరికి బుట్టలో పెట్టుకుని తీసుకెళ్తే, ఆయన బర్రెలనూ మేకలనూ చూసేవాడు, దీని సంగతి తనకు తెలియదని నిజాయితీగా చెప్పాడు. ఆ నిజాయితీ మీద కూడా కాకాకు అనుమానం వచ్చింది.

ఇంక చూడాలి ఆయన్ని. ఎదురింటి వహిని ఆకుల మీద ఏదో చల్లిందన్నాడు. కూరగాయలామెను మార్చాడు. ఆకులు ఉప్పునీళ్ళలో కడిగాడు. నల్లా నీళ్ళు మానేసి భోకర్ ఊరి దాకా పోయి అక్కడి బోరు నీళ్ళు డబ్బాలో పట్టుకొచ్చాడు. చివరికి ఒక మధ్యాహ్నం మా దుకాణం మెట్లెక్కి, నలుగురు గిరాకీల ముందు బల్బు గల్లా మీద పెట్టాడు.

"బిడ్డా, నీ బల్బు మీదనే నాకు అనుమానం."

నాకు కోపం నెత్తికెక్కింది. "అందరి మీద అయింది, ఇగ నా మీద పడ్డవా? దాని సంగతి తెలిసిన మనిషి పర్భణిల ఉన్నది. నీ బిడ్డను ఒక్క మాట అడగరాదు? బండి పర్భణిల ఆగినప్పుడు ఏం జేస్తవ్, కండ్లు మూసుకుంటవా?"

గిరాకీలంతా మా వైపు తిరిగారు. నేను అనకూడనిది అన్నానేమో అనుకున్నాను. కాకా అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చునే ముందు దాన్ని ఊపి చూడలేదు, అది నేను గమనించాను.

"దిగ" అన్నాడు. "పర్భణిల నా డబ్బాలకెళ్ళి దిగనే దిగ. పచ్చజెండా గూడ లోపల్నుంచే ఊపుత."

గిరాకీలు వెళ్ళాక మిగతాది చెప్పాడు. పెళ్ళికి ముందు ఆ కుర్రవాడి గురించి ఆయన వాడి ఆఫీసులో అడిగాడు, వాడి గల్లీలో అడిగాడు, వాడు చదివిన బడికి వెళ్ళి అడిగాడు. వాడి వెనకే నడిచి ఎక్కడ చాయ్ తాగుతాడో చూశాడు. ఒక్క తప్పూ దొరకలేదు. అందుకే అనుమానం ఇంకా పెరిగిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో సిగ్గు లేదు, అలసట ఉంది.

"ఫోన్ జేస్తే అది ఇల్లు మార్చన్న వచ్చి కొత్తిమీరను తీస్కపోతది బిడ్డా. తీస్కపోతే ఇగ నా ఇంట్ల దానికేం పని? ఇది ఉన్నదని ఎప్పుడన్న ఒకనాడు వస్తదనుకుంటున్న."

"కొత్తిమీర సచ్చిపోతే?"

ఆయన కూతురి నంబరు, ఎక్కడా చూసుకోకుండా, గడగడా అప్పజెప్పాడు. ఒక్కసారి కూడా చెయ్యని నంబరు అంత నోటికి ఎలా వచ్చిందో నేను అడగలేదు.

మా దుకాణం ముందు ఎర్ర కాయిన్ ఫోను ఉండేది. దాని గొంతు పెద్దది, పక్కన నిలబడ్డవాళ్ళకు కూడా వినబడేది. కాకా మాట్లాడనన్నాడు. నేనే మాట్లాడాను. ఫలానా దుకాణం నుంచి అనగానే ఆమె అడ్డుపడింది.

"బాపుకేమన్న అయిందా?"

"బాపు మంచిగనే ఉన్నడు. కొత్తిమీరకే బాగలేదు."

ఆమె డాక్టరులాగా అడగడం మొదలుపెట్టింది. తింటోందా? కాళ్ళు వణుకుతున్నాయా? దవడ మెత్తగా ఉందా? అన్నిటికీ అవునన్నాను.

"ఎండల ఉంచుతున్నడా?"

"పొద్దంత కిటికీ కాడనే ఉంటది."

"కిటికీ తెరిచా, మూసా?"

నేను కాకా వైపు చూశాను. ఆయన ఫోను వైపు చూస్తున్నాడు. "మూసి" అన్నాను.

"అయ్యో అక్కా! అద్దంలకెళ్ళి వెలుగొస్తది, వేడొస్తది. దాని బొక్కలకు బలమిచ్చేది మాత్రం అద్దం అవతలనే ఆగిపోతది. బల్బు గూడ ఉత్త వేడే. దానికి అసలు ఎండ తగిలి ఏడాదైతున్నది. ఎందుకు మూసిండు?"

ఎందుకో ఆమెకు మాత్రం తెలియదా? ఎదురింటివాళ్ళ మీద అనుమానం, ఫారెస్టువాళ్ళ మీద అనుమానం, దొంగల మీద అనుమానం. ఇన్నిటి నుంచి కాపాడుదామని మూసిన అద్దమే దాని కాళ్ళు విరిచింది. నేను ఏమీ చెప్పకముందే "బాపుకియ్యి" అంది ఆమె.

కాకా రిసీవరు తీసుకున్నాడు. "ఎవలు?"

"నేనే బాపూ."

"నువ్వే అని ఎట్ల తెల్వాలె?"

నాకు తల బాదుకోవాలనిపించింది. అటువైపు నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. "నేను పెట్టిన చాయ్ గూడ వాసన సూసే తాగేటోనివి. నాకు కనవడకుంట అటు తిరిగి. నేను సూడలేదనుకున్నవా?"

"ఆఁ" అన్నాడు కాకా. "నువ్వే." తర్వాత "ఎప్పుడస్తవ్?" అన్నాడు. సరిగ్గా అప్పుడే లైను కట్టయింది. నేను గల్లాలోంచి ఇంకో రూపాయి తీయబోతే వద్దన్నాడు. వస్తుందో రాదో ఫోన్లో తెలియదన్నాడు.

ఆదివారం కూతురు వచ్చింది. భర్తతో వచ్చింది. కాకా నన్ను కూడా పిలిపించాడు, బల్బు కోసమని. సన్నగా, పొడుగ్గా, మాటకు ముందు నవ్వే మనిషి అల్లుడు. వచ్చినవాడు వచ్చినట్టే చొక్కా చేతులు మడిచి, కిటికీ అద్దాలన్నీ ఊడదీసి, ఇనుప జాలీ మేకులతో కొట్టడం మొదలుపెట్టాడు. కాకా పక్కనే నిలబడి, కొట్టిన ప్రతి మేకునూ వేళ్ళతో పట్టుకుని లాగి చూశాడు. ఒక్కటీ కదల్లేదు. అంతా అయ్యాక అల్లుణ్ణి కిటికీ బయట, వీధిలో నిలబడమన్నాడు. తాను లోపల నిలబడ్డాడు.

"నా దిక్కు ఆల్ రైట్" అన్నాడు.

అల్లుడికి అర్థం కాలేదు. కూతురు లోపలి నుంచి మరాఠీలో ఏదో చెప్పింది. అతను సర్దుకుని నిలబడి, "ఆల్ రైట్, బాబా" అన్నాడు. కాకా కాసేపు జాలీలోంచి అతని ముఖం చూశాడు. తర్వాత తనే కొత్తిమీరను రెండు చేతులతో తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. అది ఎండలో ఒంటిని పల్చగా పరుచుకుని, కళ్ళు మూసుకుంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎందుకు దాచాలి? వీధిలో జనం పోగయ్యారు. ఎదురింటి వహిని జాలీకి ముక్కు ఆనించి చూసి, "హేచ్ కా?" అంది, ఇదేనా అని. భానామతి కాదని తెలిసి ఆమె ఎంత నిరాశపడిందో చెప్పలేను. నూనెకూ కూరకూ ఎవరూ రాలేదు. కాకా మాత్రం ఎందుకైనా మంచిదని ఎండ ఉన్నంతసేపూ కర్ర పట్టుకుని పక్కనే కూర్చునేవాడు.

కూతురు దాన్ని తీసుకెళ్ళలేదు. ప్రయాణానికి తట్టుకోదంది. తానే వీలైన ఆదివారమల్లా వచ్చి చూస్తానంది. వచ్చేది కూడా, దాని మేతకు మునగాకు కట్ట పట్టుకుని. కొత్తిమీర దవడ వాపు తగ్గింది, మందారాలు నమిలింది, కొమ్మ ఎక్కింది. కానీ ఎముకలు అప్పటికే చాలా మెత్తబడిపోయాయి. మరుసటి చలికాలం దాటలేదు.

అది నాకు చెప్పినవాళ్ళు లేరు. కాకా అడిగిన బల్బు ఇవ్వడానికి ఒక పొద్దున ఆ ఇంటికి వెళ్తే, అల్మారలో లైటు వెలుగుతోంది, కొమ్మ ఖాళీగా ఉంది.

"కొత్తిమీరేది కాకా?"

ఆయన వీధిలోకి చూసి వచ్చి చెప్పాడు. "పోయింది. మల్లెచెట్టు మొదట్ల పెట్టిన."

"మీ బిడ్డకు చెప్పినవా?"

"చెప్ప. నువ్వు గూడ చెప్పకు. అది వస్తున్నది దీనికోసం. నాకోసం వస్తున్నదనుకుంటున్నవా?"

బండి టైము చెప్పినంత గట్టిగా చెప్పాడు ఆ మాట. కాదని వాదించాలనిపించింది కానీ, ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు ఎవరున్నారు?

ఆ ఆదివారం నేను పని కల్పించుకుని వెళ్ళాను. చెబుతాడో, చెప్పడో చూద్దామని. అల్మార జాలీకి అడ్డంగా పాత దుప్పటి వేలాడుతోంది, వెనక బల్బు వెలుగుతోంది. కూతురు మునగాకు కట్టతో లోపలికి వచ్చి అల్మార వైపు నడిచింది. కాకా అడ్డంగా నిలబడ్డాడు.

"పండుకున్నది. లేపకు."

పట్టపగలు, నెత్తి మీద లైటు. జువాలజీ చదివిన పిల్ల. ఆమె దుప్పటి మీద పడుతున్న వెలుగు చూసింది. గిన్నెలో నిన్నటి ఆకులు ముట్టనట్టే ఉండటం చూసింది. తండ్రిని చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

"సరే బాపూ, లేప. చాయ్ పెడ్తవా?"

కాకా చాయ్ పెట్టాడు. ఆ తర్వాత ప్రతిసారీ అదే వరస. ఆమె రాగానే "పండుకున్నదా?" అని అడగడం, ఆయన "పండుకున్నది" అనడం. మునగాకు వంటింట్లోకి వెళ్ళి మధ్యాహ్నం పప్పులో పడేది. ముగ్గురూ తినేవాళ్ళు, అల్లుడు వస్తే. ఆయన రిటైరైనా అది ఆగలేదు, వాళ్ళకు పిల్ల పుట్టినా ఆగలేదు. అల్మారలో బల్బు మాడిపోతే కాకా దుకాణానికి వచ్చి ఇంకోటి కొనేవాడు. ఖాళీ అల్మారకైనా సరే, చెవి దగ్గర ఊపి చూసే కొనేవాడు. నేనూ ఏమీ ఎరగనట్టే డబ్బా విప్పి ఇచ్చేదాన్ని.

ఆయన పోయాక, దినం నాడు ఆ ఇంటికి వెళ్ళాను. వచ్చినవాళ్ళంతా భోజనాలు చేసి వెళ్ళిపోయారు. కూతురూ నేనూ ఆ అల్మార దగ్గర కింద కూర్చున్నాం. ఇన్నేళ్ళు లోపల పెట్టుకున్నది ఇంక ఆగలేదు.

"నీకు తెల్వదా చెల్లే, అది లేదని?"

"మొదటి నాడే తెల్సు అక్కా. వాకిట్ల మల్లెచెట్టు మొదట్ల మట్టి కొత్తగ తవ్వి ఉన్నది."

"మరి ఒక్కనాడన్న అడగకపోతివి?"

ఆమె దుప్పటి అంచు వేళ్ళతో సరిచేసింది.

"అడిగితే లేదని చెప్పాలె గదా. లేదంటే, మరి నేను ఎందుకొస్తున్న అని బాపుకు అనుమానమస్తది. చెప్పు అక్కా, 'నీకోసమే వస్తున్న బాపూ' అంటే నమ్ముతుండెనా?"